ఒడియా గెలిచింది, మన మాటల సంగతేంటి?

(దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్ మిద్దె మీద ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలు. రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పెడుతున్నాను.)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కోచింగ్ క్లాసు ఎగ్గొట్టి వచ్చినవాళ్లు ఉన్నారు, రేపు మాక్ టెస్ట్ పెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. తొందరగా వదిలేస్తానని మాత్రం మాట ఇవ్వను. కింద నుంచి టీ వస్తోంది, తాగుతూ వినండి.

‘భాష గురించి మాట్లాడన్నా’ అని పిలిచారు. ఒడియా గురించి మాట్లాడతానంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు. హైదరాబాద్‌లో కూర్చుని కోయ పిల్లలకీ గోండు పిల్లలకీ ఒడియా ఎందుకన్నా అని. ముందు ఎల్బీనగర్ సంగతి చెప్తాను, తర్వాత మీరే చెప్పండి ఎందుకో.

నేను ఉండేది అటువైపే. పొద్దున 7 గంటలకు అక్కడ కూలీల అడ్డా దగ్గర నిలబడితే పాలమూరు తెలుగు వినిపిస్తుంది, బీహార్ హిందీ వినిపిస్తుంది, ఆ పక్కనే ఒడియా వినిపిస్తుంది. ఒడిశా వాళ్లు ఈ ఊరికి కొత్త కాదు. కేంద్రపడా జిల్లా నుంచి వచ్చిన ప్లంబర్లు దేశమంతా ఉన్నారు, మనం ఉంటున్న ఈ బిల్డింగుల్లో పైపులు ఎవరు బిగించారో ఎవరూ అడగరు గానీ. బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి ఊరి బయట ఇటుక బట్టీల్లో ఆరేడు నెలలు ఉంటాయి.

ఒక రోజు టీ బండి దగ్గర వాళ్లతో మాట కలిపాను. మాది అరకు పైన, ఒడిశా గట్టు పక్క ఊరు. మా ఇంట్లో మాట్లాడేదాన్ని ఆంధ్రా కాగితాల్లో ‘ఆదివాసీ ఒడియా’ అని రాస్తారు. గట్టుకి అవతల కోరాపుట్‌లో ‘దేశియా’ అంటారు. నేను నాలుగు ముక్కలు మాట్లాడగానే వాళ్లలో పెద్దాయన నవ్వేశాడు. ‘బాబూ, నీది ఒడియా కాదు, కొండోళ్ల మాట’ అన్నాడు. చెడ్డ మనిషేం కాదు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. రెండో తరగతిలో పక్కవాడితో ఏదో అంటుంటే మేష్టారు చెవి మెలేసి ‘ఒడియా ఆపు, తెలుగు మాట్లాడు’ అన్నారు. అంటే చూడండి, తెలుగు మేష్టారికి నాది ఒడియా. ఒడియా ప్లంబరుకి నాది ఒడియా కాదు. ఇద్దరికీ తమ తమ రాష్ట్రాలున్నాయి. నా మాటకే ఎటూ చోటు లేదు.

నిజానికి మా సంతకి వస్తే ఆ మాట విలువ తెలుస్తుంది. గదబలు వస్తారు, పోర్జలు వస్తారు, కోందులు వస్తారు, భగతలు, వాల్మీకులు, కొటియాలు వస్తారు. ఎవరి ఇంటి భాష వాళ్లకుంది. అల్లం బేరం చేయాలన్నా, కోడిపుంజు కొనాలన్నా, పిల్లని అడగాలన్నా అందరూ కలిసేది ఈ మాటలోనే. జైపూర్ రాజుల కాలం నుంచీ ఆ కొండలన్నిటినీ కలిపి ఉంచింది అదే. దానికి బడి లేదు, ఆఫీసు లేదు, అకాడమీ లేదు. అయినా బతికింది.

సరే, ఇప్పుడు అసలు ఒడియా కథ. ఇది మనం తెలుసుకోవాల్సిన కథే, ఎందుకంటే ఒకప్పుడు అవమానం పడ్డ భాష అది.

1870 ప్రాంతంలో ఒడియా మాట్లాడేవాళ్లు ఒక్క చోట లేరు. కటక్, పూరీ, బాలాసోర్ బెంగాల్ కింద. సంబల్‌పూర్ సెంట్రల్ ప్రావిన్సెస్ కింద. గంజాం, జైపూర్ కొండలు మద్రాసు కింద. ఎక్కడికక్కడ వేరేవాళ్ల భాష ఆఫీసులో కూర్చుంది. బాలాసోర్‌లో పనిచేసే కాంతిచంద్ర భట్టాచార్య అనే బెంగాలీ పంతులుగారు ఒడియా అసలు ప్రత్యేక భాషే కాదని 1870లో పుస్తకమే వేశారు. ఒడియా అంటే చెడిపోయిన బెంగాలీ అని ఆయన లెక్క. కాబట్టి బడిలో బెంగాలీ పుస్తకాలే పెట్టాలట. దీన్ని ఎదిరించినవాళ్లలో ఫకీర్ మోహన్ సేనాపతి ఒకరు. ఆయన తర్వాత పెద్ద నవలాకారుడయ్యారు. అప్పటికి మాత్రం బడిపంతులు. అందరితో చందాలు వేయించి బాలాసోర్‌లో అచ్చుయంత్రం పెట్టించారు. పాఠ్యపుస్తకాలు లేవన్నారు కదా, రాసి అచ్చేస్తే సరి అని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

సంబల్‌పూర్‌లో ఇంకో అన్యాయం. 1895లో అక్కడి ప్రభుత్వం కోర్టుల్లోంచి, ఆఫీసుల్లోంచి ఒడియాని తీసేసి హిందీ పెట్టాలని నిర్ణయించింది. అర్జీ రాయడం రాని రైతు ఇప్పుడు అర్జీ చదవడం కూడా రాకుండా పోయాడు. జనం ఊరుకోలేదు. కొన్నేళ్లకే ఒడియా తిరిగి వచ్చింది, 1905లో సంబల్‌పూరే వెళ్లి మిగతా ఒడియా జిల్లాల్లో కలిసింది.

మరి మద్రాసు కింద ఉన్న గంజాంలో ఒడియా మీద కూర్చున్నది ఎవరు? తెలుగు. కచేరీల్లో గుమాస్తాలు తెలుగువాళ్లు, బడుల్లో పంతుళ్లు ఎక్కువగా తెలుగువాళ్లు. ఈ సంగతి మన తెలుగు పాఠాల్లో ఉండదు. మద్రాసులో తమిళుల కింద తెలుగువాళ్లు నలిగిపోయారని చెప్తారు, నిజమే, నలిగారు. అదే సమయంలో బరంపురం వైపు ఒడియావాళ్లు తెలుగువాళ్ల గురించి అచ్చం అదే మాట అంటున్నారు. నలిగినవాడు ఇంకొకణ్ణి నలపడని ఏమీ లేదు. నేను దెప్పడానికి చెప్పట్లేదు. భాష ఆఫీసులోకి వెళ్లాక ఎలా మారిపోతుందో చూడమంటున్నాను.

1903లో మధుసూదన్ దాస్ లాంటివాళ్లు కటక్‌లో ఉత్కళ సమ్మేళని పెట్టారు. మన ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది 1913లో. అంటే ఒడియావాళ్లు మనవాళ్లకంటే పదేళ్లు ముందు. 33 ఏళ్లు అర్జీలు పెట్టారు, సభలు పెట్టారు, లండన్ దాకా వెళ్లారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. ఈ దేశంలో భాష పేరు మీద పుట్టిన మొదటి రాష్ట్రం అది. పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగం 1952 డిసెంబర్‌లో, ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న. వరసలో మనం తర్వాత.

ఇక్కడిదాకా ఒడియావాళ్ల గెలుపు, గౌరవించాల్సిన గెలుపు. ఇప్పుడు మన కొండల వైపు తిరుగుదాం.

కొత్త రాష్ట్రానికి సరిహద్దు గీయాలి కదా. పర్లాకిమిడి ఎవరిది, జైపూర్ కొండలు ఎవరివి అని తెలుగువాళ్లకీ ఒడియావాళ్లకీ పెద్ద తగాదా. 1931లో ఓడోనెల్ కమిటీ వచ్చింది. ఇటువాళ్లు వచ్చి ఏజెన్సీ మాది అన్నారు, అటువాళ్లు వచ్చి ఏజెన్సీ మాది అన్నారు. ఏజెన్సీలో ఉన్నవాళ్లు సవర మాట్లాడతారు, కువి మాట్లాడతారు, గదబ మాట్లాడతారు. వాళ్ల భాషల పేరు మీద వాళ్లకి ఒక గీత గీయాలని ఆ బల్ల దగ్గర కూర్చున్న ఏ పక్షమూ అడగలేదు. చివరికి పర్లాకిమిడి ఎస్టేటుని రెండు ముక్కలు చేశారు, జైపూర్ కొండలు మొత్తం ఒరిస్సాకి పోయి కోరాపుట్ జిల్లా అయ్యాయి. భాష ప్రకారమే గీసిన గీత సవర భాష మధ్యలోంచి, కువి భాష మధ్యలోంచి పోయింది.

పర్లాకిమిడి అనగానే మీకు ఒక పేరు గుర్తు రావాలి. గిడుగు రామమూర్తి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని బడిలో పాటలు పాడించారు కదా, ఆయన పుట్టినరోజే. వాడుక భాష కోసం పోరాడారు, తెలుగు పుస్తకాల్లో మన నోటి మాట ఉండటానికి ఆయనే పెద్ద కారణం. ఆయన చేసిన సవర పని ఆ ఆగస్టు 29న ఎంతమంది తలుస్తారు? పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారని చెప్తారు. ఆ గిడుగు గారే పర్లాకిమిడి ఒరిస్సాలో కలుస్తుంటే తట్టుకోలేక ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగుకి జరిగిన నష్టం అది ఆయనకి. నేను ఆయన్ని తప్పు పట్టను, సవరకి ఆయన చేసినంత మనవాళ్లలో కూడా చాలామంది చేయలేదు. కానీ సవరవాళ్లు ఊరు వదిలి ఎటు పోతారు? గీతకి రెండు వైపులా వాళ్ల ఊళ్లే.

వాళ్లు ఏం చేశారో చూడండి. అదే 1936లో, ఒరిస్సా ఏర్పడ్డ రెండు మూడు నెలలకే, మంగేయ్ గొమాంగో అనే సవర పెద్దమనిషి తన భాషకి సొంత లిపి తయారుచేశారు. సోరాంగ్ సోంపెంగ్ అంటారు. ఏప్రిల్‌లో ఒడియాకి రాష్ట్రం వచ్చింది, జూన్‌లో సవరకి అక్షరాలు వచ్చాయి. మొదటి తేదీని ఏటా ఉత్కళ దినోత్సవమని ఒక రాష్ట్రం మొత్తం చేసుకుంటుంది. రెండో తేదీ నాకే ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది. 2012 నుంచి ఆ లిపి యూనికోడ్‌లో కూడా ఉంది, మీ ఫోన్లో ఫాంట్ వేసుకుంటే కనబడుతుంది.

అయినా ఈ రోజుకి ఒక సవర పిల్ల సీతంపేట వైపు పుడితే తన భాషని తెలుగు అక్షరాల్లో చూస్తుంది, గుణుపూర్ వైపు పుడితే ఒడియా అక్షరాల్లో చూస్తుంది. చర్చి పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు. తాతగారి దగ్గర సోంపెంగ్. 4 లక్షల మంది చిల్లర మాట్లాడే భాషకి నాలుగు లిపులు. అక్కాచెల్లెళ్లు ఒకరికొకరు ఉత్తరం రాసుకోలేరు.

కోయ తమ్ముళ్లు తలలు ఊపుతున్నారు. మీది ఇంకా ఘోరం. తెలంగాణ, ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, నాలుగు రాష్ట్రాల్లో మీరు. శబరి, సీలేరు కలిసే మోటు దగ్గర నిలబడి గట్టిగా పిలిస్తే మూడు రాష్ట్రాల్లో వినబడుతుంది. మూడు చోట్లా కోయలే. మూడు చోట్లా బడి వేరు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్ని తీసి అటు పెట్టినప్పుడు మాత్రం, కోయ మాట్లాడేవాళ్లంతా ఒకచోట ఉండాలన్న మాట ఎవరి నోటా రాలేదు.

కొటియా గురించి వార్తల్లో చూసే ఉంటారు. సాలూరు పైన, కోరాపుట్ పొట్టంగి కింద 21 గ్రామాలు. మావంటే మావని రెండు రాష్ట్రాలు. 1968లో ఒరిస్సా సుప్రీంకోర్టుకి వెళ్లింది, 2006లో ఇది తమ పరిధిలో తేలేది కాదని కోర్టు పక్కన పెట్టింది, 2021లో ఆంధ్రా వాళ్లు పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్లీ కోర్టు. అక్కడి మనిషి దగ్గర రెండు రేషన్ కార్డులుంటాయి. ఇటు తెలుగు బోర్డు, అటు ఒడియా బోర్డు. ఇది చదివి ‘భలే, రెండు బియ్యాలు’ అని ఎగతాళి చేసేవాళ్లని చూశాను. కొండ ఎక్కి బియ్యం మోసుకెళ్లినవాళ్లకి ఆ ఎగతాళి రాదు. నేను అడిగేది ఒకటే. రెండు ప్రభుత్వాలు పోటీలు పడి బోర్డులు పెట్టాయి కదా, అక్కడి కోందుల ఇళ్లలో మాట్లాడే కువి ఏ బోర్డు మీద ఉంది?

ఇప్పుడు మళ్లీ ఎల్బీనగర్ రండి. ఆ చౌరస్తాలో శ్రీకాంతాచారి విగ్రహం రోజూ చూస్తారు. 2009 నవంబర్ 29న అక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు, డిసెంబర్ 3న చనిపోయాడు. ఎందుకో గుర్తుందా? రాష్ట్రం ఒకటే, భాష ఒకటే. అయినా మా యాసని సినిమాలో రౌడీకి పెట్టారు, మా నీళ్లు, మా ఉద్యోగాలు పోయాయి అన్నది తెలంగాణ బాధ. ఒకే భాష అయినంత మాత్రాన అందరికీ సమానం దక్కదని 2014 జూన్ 2 రుజువు చేసింది. నేను ఆ విగ్రహం ముందు నుంచి పోయినప్పుడల్లా అనుకుంటాను, యాసకి ఇంత అవమానం జరిగితే, వేరే భాష అయినవాళ్ల మాటేమిటి? ‘ఏరు’ అనే మాట తీసుకోండి. తెలుగులో ఏరు అంటే పారే వాగు. కోయలో ఏరు అంటే నీళ్లు, గోండిలో యేర్. కోయ పిల్ల బడిలో దాహమేసి ‘ఏరు’ అంటే పంతులుకి ఏమర్థమవుతుంది? నిజంగా జరిగినట్టే ఊహించుకోండి, ఎందుకంటే రోజూ జరుగుతూనే ఉంటుంది. సవర పిల్లకైతే నీళ్లు ‘డా’. అది ద్రావిడ భాష కూడా కాదు, తెలుగు పంతులుకి ఊహకైనా అందదు.

ఇక ప్రభుత్వం సంగతి. మీరంతా పోటీ పరీక్షలవాళ్లు, ఆర్టికల్స్ నాకంటే బాగా తెలుసు. 350ఎ ఏం చెబుతుంది? భాషాపరంగా తక్కువమంది ఉన్నవాళ్ల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందేలా రాష్ట్రం ప్రయత్నించాలని. 1956లోనే రాజ్యాంగంలో చేర్చారు. బిట్ పేపర్లో మార్కు తెచ్చుకోవడానికి చదివాం. మన కోసం రాశారని ఎప్పుడైనా అనుకున్నామా?

చేసి చూపించినవాళ్లు లేకపోలేదు. నిజాం కాలంలో, కొమురం భీం పోరాటం తర్వాత, హైమన్‌డార్ఫ్ సలహాతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకి శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు అచ్చేశారు, దేవనాగరి లిపిలో. ఉర్దూ ఏలుతున్న రాజ్యంలో గోండి పుస్తకం వచ్చింది! మన భాషల రాష్ట్రాలు వచ్చాక అది నిలవలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మొదట్లో మళ్లీ ఒక ప్రయత్నం జరిగింది. గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా, ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల పుస్తకాలు. నేను ఆ ఆదివాసీ ఒడియా వాచకం మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఏడ్చాను. మేష్టారు చెవి మెలేసిన మాట అచ్చులో ఉంది. ఒడిశాలో 2006 తర్వాత 10 ఆదివాసీ భాషల్లో మొదలుపెట్టారు. తమ భాష కోసం అంత పోరాడిన రాష్ట్రానికి 62 తెగలున్నాయన్న సంగతి గుర్తు రావడానికి 70 ఏళ్లు పట్టింది. పోనీ, గుర్తొచ్చింది.

పుస్తకం వస్తే చాలదు, చెప్పేవాళ్లు కావాలి. ఇక్కడే మీ డీఎస్సీ వస్తుంది. 2000 జనవరిలో జీవో 3 ఇచ్చారు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటినుంచి మనం ఉద్యోగాలు పోయాయని ధర్నాలు చేస్తున్నాం, చేయాల్సిందే. కానీ మనం ఎప్పుడూ పోస్టుల లెక్కే చెప్పాం, భాష లెక్క చెప్పలేదు. కోయ రాని మనిషి కోయ పిల్లకి ఒకటో తరగతి ఎలా చెప్తాడు అన్న ప్రశ్నకి రిజర్వేషన్ శాతంతో పని లేదు. ఆ పోస్టుకి కోయ రావడమే అర్హత అనమని అడగొచ్చు. ఒడియావాళ్లు గంజాంలో తెలుగు గుమాస్తాల మీద అడిగింది సరిగ్గా ఇదే. కొత్త చట్టం కోసం అర్జీ రాసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ మాట చేర్చండి.

ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి. 2011 లెక్కల్లో సంస్కృతం మాతృభాష అని చెప్పినవాళ్లు 24,821 మంది. గోండి చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. లోపల ఉన్నది ఏది, బయట ఉన్నది ఏది మీకు తెలుసు. అయితే మనలాంటివాళ్ల భాషలు రెండు లోపలికి వెళ్లాయి, బోడో, సంతాలీ. 2003లో రాజ్యాంగ సవరణ చేసి చేర్చారు. సంతాలీ ఎలా వెళ్లింది? 1925లో మయూర్‌భంజ్‌లో పండిట్ రఘునాథ్ ముర్ము ఓల్ చికి లిపి చేశారు, ఊరూరూ తిరిగి నేర్పారు, నాటకాలు రాశారు. 78 ఏళ్ల పని అది. ఆ మయూర్‌భంజ్ ఇప్పుడు ఒడిశాలోనే ఉంది. ఒడియా కడుపులోంచే ఇంకో భాష ఒడియా పక్కన వెళ్లి కూర్చుంది. ఫకీర్ మోహన్ అచ్చుయంత్రం గుర్తుంది కదా? పుస్తకాలు లేవంటే రాయడమే. మన దగ్గర ఆదిలాబాద్ గుంజాలలో పాత గోండి రాతప్రతులు దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. వాటిలో రాసే చేతులు మన దగ్గర ఎన్ని ఉన్నాయి?

ఇక చివరి సంగతి. జనగణన వస్తోంది. 2027 మార్చి 1 నాటికి లెక్క తీస్తారు. అందులో మాతృభాష ఏది అని ఒక ప్రశ్న ఉంటుంది. కులం లెక్క గురించి అందరూ మాట్లాడతారు, ఈ ప్రశ్న గురించి ఎవరూ మాట్లాడరు. మా దేశియాని ఏం చేస్తారో తెలుసా? ఒడియా ఖాతాలో కలిపేస్తారు. లంబాడీని హిందీ ఖాతాలో కలుపుతారు. ఎల్బీనగర్ ప్లంబరన్నకి నాది ఒడియా కాదు కదా, లెక్కల్లో మాత్రం ఒడియానే. పైగా 10 వేలకి తగ్గితే ఆ భాష పేరు జాబితాలోనే వేయరు, ‘ఇతరాలు’ అని రాస్తారు. ఇదంతా మనం పేరు సరిగ్గా చెప్పినప్పటి మాట. చెప్పకపోతే? ఎన్యూమరేటర్ మన ఊరి పంతులే అవుతాడు, అడగకుండానే తెలుగు అని రాసుకుని పోతాడు.

ఈ సంగతి తెలిశాక మా అమ్మకి ఫోన్ చేశాను. ఈసారి వచ్చి అడిగితే మన భాష పేరు చెప్పు, తెలుగు అనకు అన్నాను. ‘సరేరా, మన భాష పేరేంటి?’ అని అడిగింది. నేను ఒక్క నిమిషం ఆగిపోయాను. ఇంట్లో మేము దానికి పేరు పెట్టి పిలవం. మన మాట అంటాం, అంతే. ఆదివాసీ ఒడియా అన్నది ఆఫీసులో పెట్టిన పేరు. దేశియా అన్నది అవతలి గట్టువాళ్ల పేరు. ఆమె నవ్వి, మీ పిన్నిని అడిగి చెప్తానంది. ఊళ్లో నలుగురు కూర్చుని ఇంకా తేల్చలేదు.

మీ ఇళ్లలో కూడా ఇలాగే ఉంటుంది. కోయ అంటారా, కోయతోర్ అంటారా, గోండి అంటారా, కోయాంగ్ అంటారా. ఒకే ఊళ్లో నలుగురు నాలుగు పేర్లు చెబితే నాలుగు గీతలు పడి నాలుగూ పోతాయి. అందుకని ఈ రాత్రి భోజనం అయ్యాక ఇంటికి ఫోన్ చేయండి. మన భాష పేరేంటి అని అమ్మని అడగండి, ఆమె చెప్పిన మాటని ఆమె పలికినట్టే కాగితం మీద రాయండి. మీ ఊరు, మీ మండలం కూడా రాయండి. వచ్చే ఆదివారం ఇదే మిద్దె మీద ఆ కాగితాలన్నీ ఒకచోట పెట్టి చూద్దాం. రెండో అంతస్తు గోండు తమ్ముళ్లు గుంజాల అక్షరాలు చార్టు మీద రాసి తెస్తామన్నారు, స్కెచ్ పెన్నులు ఎవరి దగ్గరైనా ఉంటే ఇచ్చి వెళ్లండి.